కరెంటు కోత లిక నుండవను మాటను తూచుట యెట్లు?

"వచ్చు నెలనుండి కరెంటు కోత లుండవు" అను మాట వినగానే మన గ్రామములయందలి రైతు నవ్వును. అది వేళాకోళపు నవ్వు కాదు. పలుమారులు విని, నమ్మి, నారు పోసి, నాటి, తుదకు పొట్టమీదనున్న వరి యెండుచుండగా బావిగట్టున రాత్రులు జాగరము చేసినవాని నవ్వు. మోటారు మీట నొక్కి గొట్టమువంక చూచుచు గూర్చుండుట యెంత కష్టమో బోరు బావులు గల సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. ఇట్టి వాగ్దానము వినబడినప్పుడెల్ల సభ్యులు మమ్ము నడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, దీనిని నమ్మి యొక యెకరము హెచ్చుగా నాటవచ్చునా?"

ఈ ప్రశ్నకు అవుననిగాని కాదనిగాని యొక్క మాటలో జెప్పుట తగదు. నమ్మి నాటి యెండబెట్టుకొన్నవాడు నష్టపడును. నమ్మక, నిజముగా నీరు వచ్చిన యేట భూమిని బీడు పెట్టినవాడును నష్టపడును. కావున వాగ్దానమును తూచు విధము మనకు దెలియవలయును. మన రాష్ట్రముల సంగతి యెత్తినచో పార్టీల పట్టుదలలు అడ్డు వచ్చును. అందుచేత మనకు పక్షపాతమునకు తావులేని దూరదేశపు సంగతి నొకదానిని దీసికొని విచారింతము. దేశమంతటను కరెంటు కోతలు, వానిని మాన్పుదుమను మాటలు, ఆ మాటలను ప్రజలు నమ్మకుండుట, ఈ మూడును పదునైదేండ్లకు మించి సాగిన దేశము దక్షిణాఫ్రికా.

ఆ దేశము మనకు బొత్తుగా పరాయిది కాదు. 1860వ సంవత్సరము మొదలుకొని మద్రాసు రాజధానియందలి తెలుగు జిల్లాలనుండి యనేక కుటుంబములు అచ్చటి నేటాలు సీమ చెరకుతోటలకు కూలి యొడంబడికపై వెళ్ళినవి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. డర్బను ప్రాంతమున నున్న ఆ తెలుగు కుటుంబములును ఇతరులతోపాటు ఆ చీకటిలో గూర్చుండినవే.

కొరత యెట్లు వచ్చినది?

దక్షిణాఫ్రికాలో విద్యుచ్ఛక్తి నుత్పత్తి చేయు ప్రభుత్వ సంస్థ పేరు ఎస్కాం. ఇది 1923లో స్థాపింపబడినది. ఆ దేశమున బొగ్గు విస్తారము. కరెంటులో పెద్ద పాలు బొగ్గునుండియే వచ్చును. ఒకప్పుడు అచ్చట కరెంటు మిక్కిలి చౌక. అవసరమునకు మించి యుండుటచే కొన్ని కేంద్రములను మూసియు నుంచిరి. 1994 తరువాత లక్షలకొలది పేద యిండ్లకు క్రొత్తగా దీపములు వచ్చినవి. వాడకము పెరిగినది. 1998లో ప్రభుత్వమే ప్రకటించిన విధాన పత్రమునందు, క్రొత్త కేంద్రములను గూర్చి వెంటనే నిర్ణయింపనిచో సుమారు 2007 నాటికి కొరత వచ్చునని స్పష్టముగా వ్రాయబడినది. అయినను నిర్మాణమును ఆరంభింపలేదు. ప్రైవేటు వారు వచ్చి కట్టుదురని కొన్ని యేండ్లు వేచియుండిరి. వారును రాలేదు.

పత్రమున వ్రాసినట్లే 2007 తుదిలో కోతలు వచ్చినవి. 2008 జనవరిలో బంగారు గనులు, ప్లాటినము గనులు సైతము కొన్ని దినములు పని నిలుపవలసి వచ్చినది. అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకి, ఎస్కాం వారు ముందే హెచ్చరించిరనియు, ప్రభుత్వము వినకపోవుట పొరపాటనియు 2007 డిసెంబరులోనే బహిరంగముగా నొప్పుకొనెను. తప్పు నొప్పుకొనుట మంచిదే. కాని ఎనిమిదేండ్ల జాప్యమును ఆ యొప్పుకోలు పూడ్చలేదు. నారు పోయవలసిన కార్తెలో పోయక, కోతల కాలమున విచారించినచో పంట రాదుగదా!

కోత యనగా నేమి?

చెరువులోని నీటివలె కరెంటును పెద్ద యెత్తున నిలువచేయుట కష్టము. దేశమంతటను ఏ నిమిషమున నెంత వాడుదురో ఆ నిమిషమున నంతయు ఉత్పత్తి కావలయును. వాడకము మించినచో యంత్రముల వేగము తగ్గును. మిక్కిలి తగ్గినచో యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకై వరుసగా నాగిపోవును. అప్పుడు దేశమంతయు నొక్కసారి చీకటి యగును. మన దేశమున 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భాగములలో నట్టి పతనమే కలిగి, 60 కోట్లకు పైబడిన ప్రజలు నివసించు ప్రాంతము కరెంటు లేక నిలిచిపోయినది.

అట్టి పతనము రాకుండుటకై ముందుగానే కొన్ని యూళ్ళకు కొంతసేపు, మరికొన్ని యూళ్ళకు మరికొంతసేపు కరెంటు నాపుదురు. కాలువలో నీరు చాలనప్పుడు తూములకు వంతులు పెట్టుట వంటిదే యిది. దీనిని దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగ్ అందురు. అచ్చట దీనికి మెట్లు గలవు: మొదటి మెట్టున 1,000 మెగావాట్లు, ఆరవ మెట్టున 6,000 మెగావాట్లు తగ్గింతురు. మెట్టు పెరిగిన కొలదియు ఒక్కొక్క యూరికి దినమునకు పలుమారులు, మారునకు రెండు గంటలు, రెండున్నర గంటలు చొప్పున కోత యుండును.

వాగ్దానముల వరుస

కొరత తీర్చుటకై మెడుపి, కుసీలె యను రెండు మహా కేంద్రములను తలపెట్టిరి. మెడుపి నిర్మాణము 2007లోను, కుసీలె నిర్మాణము 2008లోను ఆరంభమైనవి. ఒక్కొక్కదాని శక్తి సుమారు 4,800 మెగావాట్లు. ఇవి పూర్తియైనచో కష్టములు తీరునని చెప్పిరి. కాని బాయిలరుల అతుకులలో లోపములు, జాప్యములు, పెరిగిన ఖర్చులు అడుగడుగునను అడ్డు వచ్చినవి. మెడుపిలోని మొదటి యంత్రము అనుకొన్న కాలమునకు ఏండ్లు గడచి 2015లో పనిలోనికి వచ్చినది. ఆరవది 2021లో వచ్చినది. అది వచ్చిన కొలది దినములకే, 2021 ఆగస్టులో, అదే కేంద్రమున మరియొక యంత్రము ప్రేలి పాడైనది. దానిని బాగుచేయుటకు 2025 వరకు పట్టినది. 2022 అక్టోబరులో కుసీలె పొగగొట్టపు మార్గము విరిగి మూడు యంత్రము లొక్కసారి నిలిచినవి.

ఈ నడుమ 2015లో, అప్పటి ఉపాధ్యక్షుడు సిరిల్ రామఫోసా, 18 నెలలు మొదలు రెండేండ్లలో ఈ కరెంటు కష్టములను ప్రజలు మరచిపోవుదురని చెప్పెను. సభ్యు లిచ్చట నొక సంగతి గమనింపవలయును. ఆ సంవత్సరాంతము మొదలు 2018 నడుమ వరకు కోతలు నిజముగా దాదాపు లేకుండెను! మాట నిలిచినట్లే తోచినది. కాని వాడకము పెరుగకపోవుటయు, క్రొత్త యంత్రములు కొన్ని చేరుటయు దానికి ముఖ్య కారణములు. అయినను ఆ వెలుగు నిలువలేదు. 2019 డిసెంబరులో మొదటిసారి ఆరవ మెట్టు కోత వచ్చినది. 2022లో 200 దినములకు పైగాను, 2023లో 330 దినములకు పైగాను కోతలుండెను. 2023 ఫిబ్రవరిలో దీనిని జాతీయ విపత్తుగా ప్రకటించి, మరుసటి నెలలో కరెంటుకై ప్రత్యేకముగా నొక మంత్రిని నియమించిరి. మంత్రిని నియమించినందుకును ప్రజలు నవ్విరి. మాటలు కోటలు దాటునుగాని కాళ్ళు గడప దాటవని మనవా రనుట లేదా!

నష్ట మెవరిది?

పాడి రైతునకు పాలు చల్లార్చు యంత్రము నిలిచినచో పాలు విరిగిపోవును. కోళ్ళ షెడ్డులో గాలి యాడించు పంకాలు నిలిచినచో కోళ్ళు చచ్చును. పండ్ల రైతునకు శీతల గిడ్డంగి వేడెక్కును. నీటి యంత్రములతో పొలము తడుపు రైతునకు వంతు తప్పును. కోత తరువాత కరెంటు వచ్చునప్పటికి వెనుకటి తడి ఆరిపోయి యుండును. ధనికులు డీజెలు యంత్రములను, సౌర ఫలకములను, బ్యాటరీలను కొనుక్కొనిరి. పేదలు క్రొవ్వొత్తి వెలిగించుకొనిరి.

ఈ యపనమ్మకము మాటలతో నాగలేదు. వాగ్దానమును నమ్మజాలనివారు తమ డబ్బు పెట్టి యింటికప్పులపైన సౌర ఫలకములు వేయించుకొనిరి. అవి కొలది యేండ్లలోనే 5,000 మెగావాట్లకు మించినవని ఎస్కాం వారే అంచనా వేసిరి. అవి పగలు మాత్రమే పనిచేయును గనుక మెడుపితో సరితూగవు. అయినను పగటి భారమును తగ్గించి, ఎస్కాం యంత్రములకు విశ్రాంతి నిచ్చినవి. ప్రభుత్వమును నమ్మనివారు ప్రభుత్వ కార్యమునకే సాయపడిన విచిత్ర మిది. కాని కొనగలిగినవారు తమ దారి తాము చూచుకొన్నచో సంస్థకు వచ్చు రాబడి తగ్గును. ఆ భారము కొనలేనివారిపై బడును. సహకారమునందు నమ్మకము గల మన మీ సంగతిని మరువరాదు.

ఎన్నికలు, అనుమానము

2024 మార్చి తుదినుండి అచ్చట కోతలు నిలిచినవి. మే 29న ఎన్నికలు. ఇక ప్రజల మాట చెప్పనేల? "ఇది వోట్లకై చూపు వెలుగు, ఎన్నికలు దాటిన మరునాడు చీకటియే" అని ఎల్లయెడల ననుకొనిరి. ముప్పదేండ్లు పాలించిన పార్టీకి ఆ యెన్నికలలో తొలిసారిగా సగము వోట్లు రాలేదు. కాని చిత్రమేమనగా, ఎన్నికలు దాటినను చీకటి రాలేదు. పది నెలలు వెలుగు నిలిచినది. యంత్రములకు నియమముగా మరమ్మతులు చేయుట, పాడైనవానిని తిరిగి పనిలోనికి తెచ్చుట, ఎస్కాం అప్పులు తీర్చుటకై ప్రభుత్వము 25,400 కోట్ల రాండుల సాయమును 2023లో ప్రకటించుట, ఇంటికప్పుల ఫలకములు, ఇవన్నియు గలిసి ఫలించినవి.

అయినచో అనుమానించినవారు తెలివితక్కువవారా? కారు. అన్ని మారులు మోసపోయినవారు మరల మోసము శంకించుట న్యాయమే. కాని వారి శంక ఈ మారు తప్పినది. "పాలకులు అబద్ధమాడుదురు" అనునదే వారికి కొలబద్ద. యంత్రములు పనిచేయుచున్నవా లేదా యని చూచు కొలబద్ద చాలమంది చేత లేదు. అందుచేత అబద్ధమును బట్టుకొన్న కన్ను నిజము వచ్చినప్పుడు దానిని గుర్తింపలేకపోయినది.

ఇంతటితో కథ ముగియలేదు. 2025 జనవరి 31న కోత మరల వచ్చినది. ఫిబ్రవరిలో ఆరవ మెట్టు వరకు బోయినది. మే మధ్యవరకు అప్పుడప్పుడు తల చూపి, తరువాత వారి చలికాలమంతయు కోత లేకయే గడచినది. లోడ్ షెడ్డింగ్ లేని దినములలోను ట్రాన్స్‌ఫార్మరులు మోయలేని కొన్ని పేటలకు ఉదయము, సాయంకాలము కరెంటు నాపుచునే యుండిరి. దానికి పేరు వేరు. లెక్క పుస్తకమున "కోత లేదు" అని యుండును. ఆ పేటలో దీపము మాత్రము వెలుగదు.

కొట్టములోని యెడ్లు

ఈ కథలో అన్నిటికంటె ముఖ్యమైన సంఖ్య యొకటి గలదు. ఒక మోతుబరి కొట్టమున పది జతల యెడ్లున్నవని చెప్పుకొనును. దుక్కి నాడు చూడగా రెండు జతలు కుంటుచున్నవి, ఒకటి ఈనెలు లేచి చిక్కియున్నది, ఒకటి మేత లేక లేవలేదు. కాడి కట్టదగినవి ఆరే. ఆయన కెన్ని జతలున్నవని యడిగిన పది, దున్నునవి ఆరు. విద్యుత్కేంద్రములును అంతే. నూటికి ఎన్ని పాళ్ళు నిజముగా సిద్ధముగా నున్నవను లెక్కను ఎస్కాం వారు ప్రకటింతురు. ఒకప్పుడు నూటికి 80కి మించి యుండిన యీ లెక్క, 2023 నాటికి సుమారు 55కు దిగినది. తరువాత 60 దాటి పైకి వచ్చినది. మంత్రుల ప్రసంగములు వినక యీ యొక్క సంఖ్యను మాసమాసము చూచుచు వచ్చినవానికి, 2024 నాటి వెలుగునకు కొంత యాధారమున్నదని తెలిసియుండును.

మేము నేర్చుకొన్న పాఠము

ఇతరుల వాగ్దానములనే యెంచుట న్యాయము కాదు గనుక మా సంగతియు నొకటి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మేమొక గ్రామమున క్రొత్త వరి వంగడమును ప్రవేశపెట్టుచు, "ఇది గాలికి పడదు, ఎకరమునకు అయిదు బస్తాలు హెచ్చు" అని సభలో చెప్పితిమి. ఆ యేడు కోతకు వారము దినముల ముందు గాలివాన వచ్చి చేను చాపవలె పడిపోయినది. మరుసటి యేడు మా ప్రదర్శన క్షేత్రమునకు ఇద్దరే వచ్చిరి. వారిలో నొకరు ఆ పొలము గలాయన. మాకు కోపము వచ్చి, ఈ యూరివారికి విశ్వాసము లేదంటిమి. అందుకొక పెద్దరైతు, "అయ్యగారూ, మీమీద మాకు కోపము లేదు. తమరు నోటితో చెప్పితిరి, మేము పొలముతో వింటిమి. నష్టము మా యింటికి వచ్చినది" అనెను. మేము మారు పలుకలేకపోతిమి.

మూడవ యేట మేము సభ పెట్టలేదు. బాట ప్రక్కన పది సెంట్లు పాత విత్తనము, పది సెంట్లు క్రొత్త విత్తనము నాటించి, నూర్పిడినాడు కాటాను రైతుల చేతికే యిచ్చితిమి. హెచ్చుదల ఎకరమునకు అయిదు బస్తాలు కాదు, రెండు బస్తాల లెక్కకు వచ్చినది. మేము చెప్పిన యైదింటిని నమ్మనివారు తాము తూచిన రెండింటిని నమ్మిరి. పోయిన నమ్మకము ప్రసంగములవలన తిరిగి రాదు. నష్టపడినవాని చేతికి కాటా నిచ్చినప్పుడే వచ్చును.

మన సభ్యులు చేయవలసినది

విత్తనము కొనునప్పుడు మనము అంగడివాని మాట వినము. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి, మొలచినవి లెక్కింతుము. కరెంటు వాగ్దానమునకును అట్టి మొలక పరీక్ష గలదు. ఎవరు వచ్చి చెప్పినను ఈ ప్రశ్న లడుగుడు:

1. క్రొత్త కేంద్రము కట్టుదురా, ఉన్నవానిని బాగుచేయుదురా? ఉన్నవానిలో నూటికెన్ని పాళ్ళు నేడు పనిచేయుచున్నవి?

2. తుది గడువే కాక నడిమి గడువు లేవి? ఆరు నెలలలో కంటికి కనబడునదేమి? నడిమి గడువు లేని వాగ్దానము ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెతకు జేరును.

3. డబ్బు ఎక్కడనుండి వచ్చును? ఎవరు తీర్తురు?

4. కరెంటు పెరిగినను మన ఫీడరు, మన ట్రాన్స్‌ఫార్మరు దానిని మోయగలవా?

5. కోత లేదని లెక్క వ్రాయువా రెవరు? ఆ లెక్కను మనము చూడవచ్చునా?

అంతకంటె ముఖ్యముగా, మన లెక్క మనము వ్రాసికొనవలయును. ప్రతి సంఘమునందు ఒక పుస్తకము పెట్టి, ప్రతి ఫీడరునకు ఇద్దరు సభ్యుల నేర్పరుపుడు. కరెంటు వచ్చిన వేళ, పోయిన వేళ, వోల్టేజి తక్కువయైన దినములు, కాలిన మోటారులు, ట్రాన్స్‌ఫార్మరు మార్చుటకు పట్టిన దినములు, వీనిని తేదీలతో వ్రాయుడు. మూడు నెలల పుస్తకము చేత బట్టుకొని సబ్‌స్టేషనునకు బోయినచో, "కరెంటు సరిగా వచ్చుట లేదు" అని నూరుగురు కేక వేసినదానికంటె నెక్కువ పని జరుగును. కోత తగ్గినచో అదియు నిజాయితీగా వ్రాయుడు. తగ్గినదానిని వ్రాయని పుస్తకమును అధికారులు నమ్మరు. కరెంటు పంపిణీ రైతుల చేత గానిపని యని తలపవలదు. 1970లో స్థాపింపబడిన సిరిసిల్ల విద్యుత్సహకార సంఘము మన తెలుగుదేశములోనిదే.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము: ఎకరము హెచ్చుగా నాటవచ్చునా? ఒక బావి ఎకరమును తడుపుటకు 5 గంటలు పట్టుననుకొందము. పైరునకు మూడు దినముల కొక తడి కావలయుననుకొందము. దినమునకు 7 గంటలు వచ్చుననిన మాట నిజమైనచో మూడు దినములకు 21 గంటలు. 4 ఎకరములు తడియును. మీ పుస్తకమున సగటు 5 గంటలే యున్నచో మూడు దినములకు 15 గంటలు. 3 ఎకరములే తడియును. ఆ నాలుగవ యెకరమున నారు, ఎరువు, కూలి, అప్పు అన్నియు మాటమీద పెట్టిన పెట్టుబడులే. కావున మాటను బట్టి గాక, పుస్తకములోని గంటలను బట్టి నాటుడు. ఆ నాలుగవ యెకరమున ఒక తడి తప్పినను తట్టుకొను జొన్నగాని, కందిగాని, మినుముగాని వేయుడు. రెండు కార్తెలు గడచి, పుస్తకమున 7 గంటలు నిలకడగా కనబడిననాడు నిస్సంశయముగా వరి నాటుడు. ఆనాడును "ఇదంతయు వోట్లకే" యని బీడు పెట్టుకొని కూర్చుండవలదు.

దక్షిణాఫ్రికా ప్రజలు పదునైదేండ్లు చీకటిలో గూర్చుండి నేర్చుకొన్నదానిని మనము ఒక పుస్తకము, ఒక గడియారముతో నేర్చుకొనవచ్చును. వచ్చు నెల మొదటి తేదీన సంఘ సమావేశమునకు వచ్చువారు తమ బావివద్ద కరెంటు వచ్చిన గంటలను ఒక వారము వ్రాసి తీసికొని రావలయునని కోరుచున్నాము.